నాయనమ్మకు వినబడిన దగ్గు ఏ లెక్కలోకి వస్తుంది?

తాతయ్య పెద్దకర్మ అయిపోయాక చుట్టాలంతా ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. కాలేజీ సెలవులు కావడంతో నేను నాయనమ్మకు తోడుగా ఉండిపోయాను. ఒకరోజు తెల్లవారుజామున వంటింట్లో గిన్నెల చప్పుడుకు మెలకువ వచ్చింది. వెళ్లి చూస్తే స్టవ్ మీద పాలు కాగుతున్నాయి. పక్కన తాతయ్య స్టీలు గ్లాసులో డికాక్షన్ పోసి ఉంది. నాయనమ్మ కాఫీ తాగదు. నాకూ అలవాటు లేదు. “ఎవరికి నాయనమ్మా?” అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “వరండాలో దగ్గినట్టు వినబడిందిరా. లేచారనుకున్నా” అంది.

తాతయ్యకు లేవగానే రెండుసార్లు గట్టిగా దగ్గి గొంతు సవరించుకునే అలవాటు ఉండేది. ఆ దగ్గు నాయనమ్మకు ఆ తర్వాత చాలా నెలలు వినబడింది. రోజూ కాదు, వారానికి ఒకటి రెండుసార్లు. వినబడితే లేచి వెళ్లి చూసేది, ఎవరూ లేకపోతే వచ్చి తన పని చూసుకునేది. నా దగ్గర మాత్రం ఒక మాట తీసుకుంది. “మీ నాన్నతో అనకు. మతి పోయిందనుకుంటాడు.”

ఆవిడ భయం ఎంత పాతదో, ఎంతమందిదో నాకు అప్పుడు తెలియదు. ఆరోగ్యంగా తిరుగుతున్న మామూలు జనంలో ఎంతమందికి ఇలా లేనిది వినబడుతుంది, కనబడుతుంది? ఎవరో తమను కనిపెట్టి ఉన్నారనో, టీవీలో తమ గురించే చెబుతున్నారనో ఎంతమందికి అనిపిస్తుంది? వీటిని ఏమని పిలవాలి, ఎలా లెక్కపెట్టాలి? ఈ ప్రశ్నలతో పరిశోధకులు 130 ఏళ్లుగా తంటాలు పడుతున్నారు. వాళ్ల కొలతలను వరసగా చూస్తూ, ఒక్కోదాని ముందు మా నాయనమ్మను నిలబెట్టి చూస్తాను.

ముందు మాటలు తేల్చుకోవాలి. సైకోసిస్ అంటే వాస్తవంతో పట్టు తప్పిపోయే స్థితి. అందులో ముఖ్యంగా రెండు కనిపిస్తాయి. ఒకటి భ్రాంతి: బయట ఏమీ లేకుండానే మాట వినబడటం, మనిషి కనబడటం, ఒంటిమీద ఎవరో చెయ్యి వేసినట్టు తెలియడం. రెండోది భ్రమ: ఎన్ని రుజువులు చూపించినా కదలని తప్పుడు నమ్మకం. తిండిలో విషం కలిపారని, పోలీసులు ఇంట్లో మైకులు పెట్టారని, తన ఆలోచనలు పక్కవాళ్లకు వినబడుతున్నాయని గట్టిగా నమ్మడం ఇలాంటిదే. స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బులో ఇవి ఉంటాయి, తీవ్రమైన డిప్రెషన్‌లోనూ ఉండవచ్చు. అయితే వీటి ఛాయలు మాత్రమే ఉండి, మనిషి ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు నడుపుకుంటూ మామూలుగానే ఉండే స్థితి ఒకటుంది. దానికి పరిశోధకులు పెట్టుకున్న పేరు ‘సైకోటిక్ అనుభవం’. జబ్బు అనలేదు, లక్షణం అని కూడా అనలేదు. కావాలనే అనుభవం అన్నారు. లక్షణం అంటే వెనక జబ్బు ఉందని ముందే ఒప్పుకున్నట్టు అవుతుంది కదా.

ఈ లెక్క మొదలుపెట్టింది డాక్టర్లు కాదు. ఇంగ్లండులో దయ్యాలు, మరణానంతర దర్శనాల సంగతి తేల్చాలని పుట్టిన ‘సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్’. హెన్రీ సిడ్జ్‌విక్ అనే తత్వవేత్త నాయకత్వంలో వాళ్లు 17,000 మందిని ఒకే ప్రశ్న అడిగారు. మీరు పూర్తిగా మెలకువగా ఉన్నానని అనుకుంటున్నప్పుడు, బయటి కారణమేదీ లేకుండా, ఒక మనిషినో వస్తువునో చూసినట్టు, ఎవరో తాకినట్టు, ఒక గొంతు విన్నట్టు స్పష్టంగా ఎప్పుడైనా అనిపించిందా అని. 1894లో ఫలితం అచ్చయింది. మొదట అవునన్నవాళ్లు 2,272 మంది. వాళ్ల వివరాలు విడివిడిగా చదివి, కలలను, అనుమానం ఉన్నవాటిని తీసేస్తే 1,684 మంది మిగిలారు. అంటే నూటికి పదిమంది.

ఆ ప్రశ్నను ఒకసారి నెమ్మదిగా చదివితే వాళ్ల జాగ్రత్త తెలుస్తుంది. ‘పూర్తిగా మెలకువగా’ అనే మాట ఊరికే పెట్టలేదు. నిద్రలోకి జారుకునే క్షణంలో ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు ఉలిక్కిపడటం మనలో చాలామందికి తెలిసిందే. 1996లో బ్రిటన్‌లో దాదాపు 5,000 మందిని అడిగిన సర్వేలో 37 శాతం మంది నిద్ర పట్టే వేళ ఇలాంటివి వస్తాయన్నారు. మెలకువ వచ్చే వేళ వస్తాయన్నవాళ్లు 12.5 శాతం. వీటిని కలుపుకుంటే ఒక అంకె, తీసేస్తే మరో అంకె. మా నాయనమ్మకు దగ్గు వినబడింది తెల్లవారుజామునే. కొన్నిసార్లు పక్క మీద ఉండగా, కొన్నిసార్లు వాకిలి ఊడుస్తుండగా. మొదటిరకం రోజుల్ని కొట్టేయాలి, రెండోరకం రోజుల్ని ఉంచాలి. ఒకే మనిషి, ఒకే దగ్గు.

మనసు ఎదురుచూసేదాన్ని చెవి ముందే వినేస్తుంది. జేబులో ఫోన్ వణికినట్టు అనిపించి తీసి చూస్తే ఏమీ ఉండదు. 2010లో అమెరికాలో ఒక బోధనాసుపత్రి సిబ్బంది 169 మందిని అడిగితే 68 శాతం మంది మాకూ అలా అవుతుందన్నారు. నెదర్లాండ్స్‌లో 44 మంది విద్యార్థులకు ఒక ప్రసిద్ధ క్రిస్మస్ పాట వినిపించి, తర్వాత ఉత్త ‘సుయ్‌’ మనే శబ్దం మాత్రమే పెట్టి, పాట వినబడితే బటన్ నొక్కమన్నారు. మూడో వంతు మంది దాకా నొక్కారు. పాట అసలు లేనే లేదు. యాభై ఏళ్ల పాటు పొద్దున్నే అదే దగ్గు విన్న చెవి మరికొన్ని నెలల పాటు దానికోసం కాచుకుని ఉండటంలో నాకు వింతేమీ కనబడదు.

ఈ మాట నా ఒక్కడి ఊహ కాదు. బ్రిటన్‌లోని వేల్స్ పల్లెప్రాంతంలో డాక్టరుగా ఉన్న డెవీ రీస్ అనే ఆయన భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని కలిసి మాట్లాడి, 1971లో ఫలితాలు ప్రచురించాడు. దాదాపు సగం మందికి పోయినవాళ్లు ఏదో ఒక రూపంలో తెలిశారు. ఎక్కువమందికి పక్కనే ఉన్నట్టు అనిపించింది. 14 శాతం మందికి కనబడ్డారు, 13 శాతం మందికి వాళ్ల గొంతు వినబడింది. చాలామంది దానివల్ల ఊరట దొరికిందనే చెప్పారు. నన్ను కదిలించిన అంకె మాత్రం వేరేది. వీళ్లలో నూటికి 70 మందికి పైగా ఆ సంగతి అప్పటివరకూ ఎవరికీ చెప్పలేదు. వేల్స్ కొండల్లోని ఆ ముసలివాళ్లూ మా నాయనమ్మలాగే నోరు మూసుకున్నారు.

28, 17, 6: ఇన్ని అంకెలు ఎలా వచ్చాయి?

1980ల నుంచి ఈ ప్రశ్నలు పెద్ద సర్వేల్లోకి వచ్చాయి. అక్కడినుంచే అసలు గందరగోళం.

అమెరికా జాతీయ సర్వేలో మామూలు ఇంటర్వ్యూవర్లు ఇంటింటికీ వెళ్లి సైకోసిస్ గురించిన ప్రశ్నలు అడిగితే 28.4 శాతం మంది ఏదో ఒకదానికి అవునన్నారు. అలాంటివాళ్లతో తర్వాత మానసిక వైద్యం తెలిసినవాళ్లు మాట్లాడి నిగ్గు తేల్చారు. జబ్బు అని చెప్పదగ్గవాళ్లు, గీతను బాగా వెడల్పుగా గీసినా, మొత్తం మీద 0.7 శాతమే తేలారు. 1996లో నెదర్లాండ్స్‌లో 7,076 మందిని అడిగిన సర్వేలో 17.5 శాతం మందిలో ఏదో ఒక ఛాయ కనిపించింది. ఆ 1,237 మందిలో స్కిజోఫ్రెనియా తరహా జబ్బు నిర్ధారణకు సరిపోయింది 26 మందే. బ్రిటన్‌లో 2000 నాటి జాతీయ సర్వేలో ఈ అంకె 5.5 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 18 దేశాల్లో 31,261 మందిని అడిగి 2015లో ప్రచురించిన అధ్యయనంలో జీవితంలో ఎప్పుడో ఒకసారి ఇలాంటిది జరిగిందన్నవాళ్లు 5.8 శాతం. వాళ్లలోనూ మూడో వంతు మందికి అది జీవితం మొత్తంలో ఒక్కసారే జరిగింది.

28, 17, 6. మనుషులు దేశానికీ దేశానికీ ఇంత మారిపోరు. మారింది ప్రశ్న. ‘మెలకువగా ఉన్నప్పుడే’ అన్నారా, లేదా? జ్వరం, మందు, గంజాయి ప్రభావంలో వచ్చినవాటిని తీసేశారా? పోయిన ఏడాదిలోనా, పుట్టిన దగ్గర్నుంచా? అవునన్నవాళ్లను ‘ఒక ఉదాహరణ చెప్పండి’ అని మళ్లీ అడిగారా? అనుమానంగా ఉన్నవాటిని లెక్కలో ఉంచారా, కొట్టేశారా? ఒక్కో నిర్ణయం దగ్గర కొన్ని లక్షల మంది అటో ఇటో పడతారు. నెదర్లాండ్స్ వాళ్లు సందేహం ఉన్నవాటినీ, మనిషిని బాధించనివాటినీ కలుపుకున్నారు. అందుకే వాళ్ల అంకె పెద్దది.

ఇంకా వింత ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థదే మరో సర్వే, 52 దేశాల్లో రెండున్నర లక్షల మందికి పైగా ప్రజలను నాలుగంటే నాలుగు ప్రశ్నలు అడిగింది. వియత్నాంలో అవునన్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. నేపాల్‌లో నూటికి 30 పైమాటే. 18 దేశాల అధ్యయనంలోనేమో తక్కువ ఆదాయం ఉన్న దేశాల్లో ఈ అనుభవాలు ధనిక దేశాలతో పోలిస్తే సగం కూడా లేవు. రెండూ ఒక్క సంస్థ పేరు మీద వచ్చినవే. నేపాలీల మనసులు వియత్నామీల మనసుల కంటే ముప్పై రెట్లు చెదిరిపోయి ఉన్నాయని నేను నమ్మను. ఆ నాలుగు ప్రశ్నలు నేపాలీలోకి మారేటప్పుడు, ఆ ఊళ్లలో వినబడేటప్పుడు వేరే ప్రశ్నలైపోయి ఉంటాయన్నది నా అనుమానం.

ఒక ప్రశ్నను తెలుగులో పెట్టిన సాయంత్రం

ఆ అనుమానం నాకు ఊరికే రాలేదు. సైకాలజీలో పీజీ చేస్తున్న మిత్రుడు ఇలాంటి ప్రశ్నావళి ఒకదాన్ని తెలుగులో పెట్టాలి, సాయం చెయ్యమని మా ఇంటికి వచ్చాడు. అందులో ఒక ప్రశ్న ఇలా ఉంది: జనం మీ గురించి పరోక్షంగా ఏదో సూచిస్తున్నట్టు, రెండర్థాల మాటలు అంటున్నట్టు మీకు అనిపిస్తుందా? దీన్ని తెలుగులో ఎవరైనా ఏమంటారు? ‘సూటిపోటి మాటలు’ అంటారు, ‘దెప్పిపొడవడం’ అంటారు, ‘కూతుర్ని తిట్టి కోడలికి వినిపించడం’ అంటారు. మేం ‘మీ చుట్టూ ఉన్నవాళ్లు మీమీద పెట్టి సూటిపోటి మాటలు అంటున్నట్టు అనిపిస్తుందా?’ అని రాసి పైకి చదివాం. పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న మా పిన్ని తల బయటికి పెట్టి, “అనిపించడం ఏంట్రా, రోజూ అంటారు. మా తోడికోడల్ని అడగండి” అంది.

పిన్ని చెప్పింది అక్షరాలా నిజం. పదిమంది ఉన్న ఇంట్లో సూటిపోటి మాట రోజువారీ వ్యవహారం. దాన్ని పసిగట్టడం అక్కడ బతకడానికి కావలసిన తెలివి. కానీ ఆ కాగితం మీద పిన్నికి ఒక మార్కు పడుతుంది, అనుమానపు ఆలోచనల కింద. ప్రశ్న తిరగరాశాం. ‘అసలు పరిచయం లేనివాళ్లు కూడా’ అని కలిపాం. అప్పుడు చాలావరకు కుదిరింది. అయినా పల్లెలో పరిచయం లేనివాళ్లంటూ ఎవరుంటారు అని మిత్రుడు తల గోక్కున్నాడు.

తర్వాతి ప్రశ్న ఇంకా కష్టం. కంటికి కనబడని శక్తి ఏదో మీ ఆలోచనలను, పనులను నడిపిస్తున్నట్టు అనిపిస్తుందా? అంతా ఆ పైవాడే నడిపిస్తున్నాడని అనని ఇల్లు మా వీధిలో ఒక్కటీ లేదు. దిష్టి తగులుతుందని పసిపిల్లకు బుగ్గచుక్క పెట్టే తల్లి, గుమ్మానికి గుమ్మడికాయ కట్టే కాంట్రాక్టరు, కలలో వెంకన్న కనిపించి కొండకు రమ్మన్నాడని టికెట్ బుక్ చేసుకునే ఇంజినీరు, అందరూ ఈ ప్రశ్నకు అవుననే అంటారు. వాళ్లలో ఎవరూ మనం వెతుకుతున్నవాళ్లు కాదు.

పూనకం మాటేమిటి? ఏటా సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల మర్నాడు రంగం జరుగుతుంది. ఒక స్త్రీ పచ్చికుండ మీద నిలబడి అమ్మవారి మాటగా భవిష్యవాణి చెబుతుంది. వేలమంది చేతులు జోడించి వింటారు. ‘మీ నోటితో ఇంకెవరో మాట్లాడినట్టు ఎప్పుడైనా అనిపించిందా’ అనే ప్రశ్నకు ఆమె జవాబు ఏమిటో మనకు తెలుసు. అది జబ్బు కాదని కూడా తెలుసు. ఎందుకంటే దానికి ఒక రోజు ఉంది, ఒక చోటు ఉంది, మొదలూ చివరా ఉన్నాయి. చుట్టూ ఉన్న సమాజం ఆ అర్థాన్ని ఆమెతో పంచుకుంటుంది. రంగం అయ్యాక ఆమె ఇంటికి వెళ్లి మామూలుగా ఉంటుంది. ఒక మనిషి సంస్కృతి ఆమోదించిన అనుభవాన్ని లక్షణంగా రాసుకోకూడదని మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథాలు కూడా చెబుతాయి. కానీ ట్యాబ్ పట్టుకుని గంటకు నాలుగిళ్లు తిరిగే సర్వే కుర్రాడికి ఈ తేడా రాసుకునే గడి ఉండదు.

సంఖ్య కాదు, బరువు

లండన్‌లో ఎమ్మాన్యుయెల్ పీటర్స్ అనే మనస్తత్వవేత్త, ఆమె సహచరులు 1990ల్లో చేసిన పని ఇక్కడ దారి చూపించింది. వాళ్లు తయారుచేసిన ప్రశ్నావళిలో అవునన్న ప్రతి జవాబుకూ మరో మూడు ప్రశ్నలు అడుగుతారు. అది మిమ్మల్ని ఎంత బాధపెడుతోంది? ఎంతసేపు దాని గురించే ఆలోచిస్తున్నారు? అది నిజమని ఎంత గట్టిగా నమ్ముతున్నారు? ఈ కొలబద్దతో వాళ్లు హరేకృష్ణ భక్తులను, ప్రకృతిని కొలిచే డ్రూయిడ్ మతస్థులను ఒకవైపు, ఆసుపత్రి వార్డులో ఉన్న సైకోసిస్ రోగులను మరోవైపు పెట్టి చూశారు. ఎన్ని వింత నమ్మకాలు ఉన్నాయి, ఎంత గట్టిగా నమ్ముతున్నారు అనే లెక్కలో రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు. తేడా బాధలో ఉంది, అదే ధ్యాసలో మునిగిపోవడంలో ఉంది.

ఈ మొత్తం శాస్త్రంలో ఒక మామూలు మనిషి గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే అంటే, నేను దీన్నే చెబుతాను. మతం మాటెత్తకుండా, దయ్యం ఉందా లేదా అనే వాదనలోకి దిగకుండా, ఇది నిన్ను ఏం చేస్తోంది అని అడగటం.

నాయనమ్మను ఈ మూడు ప్రశ్నల ముందు పెట్టాను. బాధ? లేదు, కాస్త ఊరటే. ధ్యాస? వినబడిన రోజు రెండు నిమిషాలు. నమ్మకం? లేచి వెళ్లి చూసే వరకే.

మా దూరపు బంధువుల అబ్బాయి ఒకడున్నాడు. ఇంటర్ చదువుతూ ఒక హాస్టల్లో ఉండేవాడు. క్లాసువాళ్లు పెట్టే వాట్సాప్ స్టేటస్‌లు తన మీదే అని అనిపించడం మొదలైంది. మొదట్లో వాడే ‘నా పిచ్చిగానీ’ అనుకునేవాడు. నెలా రెండు నెలలకు మెస్‌లో అందరూ తనవైపే చూస్తున్నారని తినడం మానేశాడు. రాత్రిళ్లు కారిడార్‌లో తన పేరు వినబడుతోందని నిద్రపోయేవాడు కాదు. పరీక్షల టెన్షన్ అన్నారు వార్డెన్లు. ఇంట్లోవాళ్లు తాయెత్తు కట్టించారు. బరువు పది కిలోలు తగ్గాక, ఆరో నెలలో సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లారు. మందులు వాడాడు, ఒక ఏడాది చదువు పోయింది, ఇప్పుడు డిగ్రీ చేస్తున్నాడు. వాడు మొదటి నెలలో ఏదైనా సర్వేలో దొరికి ఉంటే, ఒట్టి అవును–కాదు లెక్కలో, వాడికీ నాయనమ్మకూ ఒకే మార్కు పడేది. ఒక్కో అవును.

ఇద్దరిదీ ఒకే దారి మీద వేర్వేరు మజిలీలా, లేక అసలు దారులే వేరా? దీని మీద పండితులు ఇంకా తేల్చుకోలేదు. భ్రాంతులు, భ్రమలు ఉన్నాయా లేవా అని కాక ఎంత ఉన్నాయి అని చూడాలని 1969లోనే అమెరికన్ మానసిక వైద్యుడు జాన్ స్ట్రాస్ అన్నాడు. నెదర్లాండ్స్‌కు చెందిన జిమ్ వాన్ ఆస్ దాన్ని పెద్ద ఎత్తున ముందుకు తీసుకెళ్లాడు. వాళ్లు తరచూ బీపీని ఉదాహరణగా చెబుతారు. బీపీ అందరికీ ఉంటుంది, ఎక్కడ గీత గీసి జబ్బు అనాలన్నది మన నిర్ణయం. ఎదురు వాదించేవాళ్లు అడిగేది కూడా న్యాయమైనదే. బీపీ కొలిస్తే ఎక్కువమంది మధ్యలో ఉంటారు, అటూ ఇటూ తగ్గుతారు. ఈ ప్రశ్నావళుల్లో ఎక్కువమందికి సున్నా వస్తుంది, కొద్దిమందితో ఒక పొడుగాటి తోక ఉంటుంది. పైగా ఒకే ‘అవును’ వెనక ప్రశ్న సరిగ్గా అర్థం కాకపోవడం, దుఃఖం, భక్తి, మొదలవుతున్న జబ్బు, అన్నీ దాక్కుని ఉండవచ్చు. బయటికి ఒకేలా కనబడినంత మాత్రాన లోపల ఒకే సరుకు ఉండాలని లేదు. నాకు ఈ రెండో వాదన వైపే మొగ్గు ఎక్కువ. నాయనమ్మ దగ్గు ఇంకాస్త పెరిగితే ఆ అబ్బాయి పరిస్థితి అవుతుందని నేను అనుకోను.

పిల్లల దగ్గర ఈ అంకెలు తల్లిదండ్రులను కంగారు పెట్టేలా ఉంటాయి కాబట్టి కొంచెం ఆగి చెప్పాలి. చాలా అధ్యయనాలను కలిపి 2012లో చేసిన విశ్లేషణలో 9–12 ఏళ్ల పిల్లల్లో 17 శాతం మంది, 13–18 ఏళ్లవాళ్లలో 7.5 శాతం మంది ఇలాంటి అనుభవాలు చెప్పారు. అంటే ఎదుగుతున్నకొద్దీ సగానికి పైగా రాలిపోతున్నాయి. ఇంగ్లండులోని బ్రిస్టల్ ప్రాంతంలో 12 ఏళ్ల పిల్లలు వేలమందిని ముందు ప్రశ్నలు అడిగితే దాదాపు 39 శాతం మంది అవునన్నారు. శిక్షణ పొందినవాళ్లు కూర్చుని వివరాలు అడిగి చూస్తే 14 శాతం లోపు మిగిలారు. అలాగని కొట్టిపారేయడానికీ లేదు. న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన పిల్లలను వదలకుండా దశాబ్దాలు వెంబడించారు. 11 ఏళ్లప్పుడు బలమైన అనుభవాలు చెప్పినవాళ్లకు 26 ఏళ్లకల్లా స్కిజోఫ్రెనియా తరహా జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే 16 రెట్లు ఎక్కువని తేలింది. 16 రెట్లు అనగానే గుండె గుభేలుమంటుంది. కానీ అంత బలంగా చెప్పిన పిల్లలు నూటికి ఇద్దరి లోపే. వాళ్లలో కూడా నలుగురిలో ముగ్గురికి ఆ జబ్బు రాలేదు.

పెద్దల సంగతి: వివిధ అధ్యయనాలను కలిపి 2013లో చూసినప్పుడు, ఇలాంటి అనుభవాలు ఉన్న నూరు మందిలో 80 మందికి అవి వాటంతటవే పోయాయి. 20 మందికి నిలిచిపోయాయి. సైకోసిస్ జబ్బుగా తేలింది ఏడుగురికి. కానీ సాయం కోరుతూ ఆసుపత్రికి వచ్చినవాళ్లను చూస్తే లెక్క తలకిందులవుతుంది. 1990ల్లో మెల్‌బోర్న్‌లో పాట్రిక్ మెక్‌గోరీ, అలిసన్ యంగ్ ‘ముప్పు ఎక్కువ ఉన్నవాళ్ల’ను ముందే పట్టుకునే క్లినిక్ పెట్టారు. వాళ్ల పద్ధతిలో గుర్తించినవాళ్లలో మూడేళ్లలో జబ్బు పడినవాళ్లు 36 శాతం అని 2012లో లెక్కగట్టారు. తర్వాతి విశ్లేషణల్లో అది నాలుగో వంతు దగ్గరికి దిగింది. వీధిలో అడిగితే ఏడుగురు, ఆసుపత్రి గుమ్మంలో అడిగితే పాతికమంది. ఆ గుమ్మం దాకా వచ్చేశారంటేనే ఏదో బరువు వాళ్లను అక్కడికి తోసిందన్నమాట. అందుకే ఆసుపత్రిలో పనికొచ్చే కొలతను తీసుకెళ్లి కాలేజీ పిల్లలందరి మీదా పెడితే, జబ్బు లేని వందల మందికి జబ్బు భయం అంటగట్టినట్టు అవుతుంది. 2013లో వచ్చిన అమెరికన్ నిర్ధారణ గ్రంథం ఐదో కూర్పులో ఈ తేలికపాటి దశకు ఒక పేరు పెట్టాలా వద్దా అని పెద్ద చర్చ జరిగింది. చివరికి అసలు జాబితాలో చేర్చకుండా, ఇంకా పరిశోధన జరగాల్సినవాటి భాగంలో పెట్టారు. ఆ నిర్ణయం సరైనదనే అనుకుంటాను.

అవునన్నవాళ్లలో ఎక్కువమందికి సైకోసిస్ రాదు అన్నాం. కానీ వాళ్లలో చాలామంది అప్పటికే డిప్రెషన్‌తోనో, ఆందోళనతోనో, నిద్రలేమితోనో, చిన్నప్పుడు పడిన దెబ్బల తాలూకు భయంతోనో ఉంటారు. ఆత్మహత్య ఆలోచనలు కూడా వీళ్లలో ఎక్కువ. ఈ సంగతి మన సంభాషణల్లో అసలు రాదు. కుర్రాడు ‘ఏవో మాటలు వినబడుతున్నాయి’ అంటే అది స్కిజోఫ్రెనియానా కాదా అని కొట్టుకుంటాం. వాడు రాత్రి ఎంతసేపు పడుకున్నాడు, బతకాలని ఉందా లేదా అని అడగం.

మన దగ్గర లెక్కలు చూద్దామంటే, 2015–16లో బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జీవితకాలంలో సైకోసిస్ జబ్బులు 1.4 శాతం మందికి వస్తాయని తేల్చింది. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. పైగా అది జబ్బుల లెక్క, ఈ తేలికపాటి అనుభవాల లెక్క కాదు. మన పక్కనే చెన్నైలో మాత్రం ఒక విలువైన పని జరిగింది. అమెరికన్ మానవశాస్త్రవేత్త తాన్యా లూర్మన్ బృందం కాలిఫోర్నియా, ఘనాలోని అక్రా, చెన్నై, ఒక్కోచోట 20 మంది రోగులతో వాళ్లకు వినబడే గొంతుల గురించి మాట్లాడింది. అమెరికన్లకు ఎక్కువగా అపరిచితుల గొంతులు, హింస, బెదిరింపులు. చెన్నైవాళ్లలో చాలామందికి తల్లో, అక్కో, అత్తో. స్నానం చెయ్యి, ఇల్లు ఊడ్చు అని మందలించే గొంతులు. జబ్బు అదే. కానీ గొంతు ఎవరిదన్నది ఇల్లు నిర్ణయించింది. తెలుగువాళ్ల కోసం ప్రశ్నావళి రాసేవాళ్లు వినబడిందా అని అడిగి ఊరుకోకుండా, ఎవరి గొంతు, ఏమంది, విన్నాక మీరేం చేశారు అని కూడా అడగాలన్నది నా కోరిక.

ఇంట్లో ఎవరైనా ఇలాంటిది చెబితే ముందు వినండి. ఎగతాళి వద్దు, ‘అదేం లేదు’ అని కొట్టేయడమూ వద్దు. అనుభవం వారాల తరబడి పెరుగుతున్నా, నిద్ర, తిండి, చదువు, పని దెబ్బతింటున్నా, భయంతో మనిషి ముడుచుకుపోతున్నా, వాళ్లను వాళ్లు గాయపరచుకునే మాటలు వస్తున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ టెలీ మానస్, నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు. తాయెత్తు కట్టుకుంటే కట్టుకోనివ్వండి, దానికోసం ఆరు నెలలు మాత్రం ఆగకండి.

తాతయ్య సంవత్సరీకానికి మళ్లీ అందరం ఊరికి చేరాం. భోజనాలయ్యాక నాయనమ్మ పక్కన చాప మీద కూర్చుని మెల్లగా అడిగాను, ఇంకా వినబడుతోందా అని. నాన్న అక్కడే వక్కలు కత్తిరిస్తున్నాడు. ఆవిడ ఒకసారి అటు చూసి, ఈసారి గొంతు తగ్గించకుండానే చెప్పింది. “సంక్రాంతి నుంచి లేదురా. అలవాటుకు లేస్తున్నా.” నాన్న కత్తెర ఆపి, “ఏం వినబడింది?” అన్నాడు. నాయనమ్మ మొత్తం చెప్పింది. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “నాకు ఆయన చెప్పుల చప్పుడు వినబడేదమ్మా, ఆఫీసులో” అన్నాడు.